బాడీ జాబో: మా అత్తయ్యగారితో రెండేళ్లు

ఇది రాద్దామని నెల రోజులుగా అనుకుంటున్నాను. రాత్రి అత్తయ్యగారు పడుకున్నాక కూర్చుంటే ఆవిడ కంటే ముందు నాకే కునుకు పట్టేస్తోంది. ఇవాళ ఆవిడ పగలే నిద్రపోయారు, అంటే రాత్రికి నాకు జాగారమే, కాబట్టి ఈ రెండు గంటల్లో రాసేస్తాను. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు, కాలవ గట్టు మీద ఇల్లు. అత్తయ్యగారికి 78 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి పది నెలలైంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దవాళ్లుండి, వాళ్లకి తెలుగు కాక ఇంకో భాష కూడా వచ్చుంటే ఇది మీకోసమే. మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఏడు నెలలు ఆవిడ చెప్పేది వింటూనే ఏమీ వినలేదు మేం.

అత్తయ్యగారు పుట్టింది ఖరగ్‌పూర్‌లో. వాళ్ల నాన్నగారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, క్వార్టర్స్ చుట్టూ బెంగాలీ, బడి కూడా బెంగాలీయే, ఎనిమిదో తరగతి దాకా. 1965లో, పందొమ్మిదేళ్లకి, పెళ్లయి ఈ ఊరొచ్చారు. వచ్చాక వారపత్రికలు చూసి తెలుగు చదవడం నేర్చుకున్నారు, పక్కింటివాళ్ల దగ్గర లేసు అల్లిక నేర్చుకున్నారు, ఇక గోదారి యాసయితే మా కంటే బాగా పట్టారు, "ఆయ్" అనకుండా మాట ముగించేవారు కాదు. నేను కోడలిగా వచ్చి ఇరవై తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో ఆవిడ నోట బెంగాలీ విన్నది అల్లికలో కుట్లు లెక్కపెట్టేటప్పుడే. ఎక్, దుయ్, తిన్, చార్ అని పెదాల మధ్యే గొణుక్కునేవారు. అంకెలు ఆవిడకి ఆ భాషలో ఉన్నాయని రోజూ నా కళ్లముందే కనిపిస్తున్నా నాకు తట్టలేదు.

2023 భోగి నాడు వాకిట్లో ముగ్గు మొదలెట్టి, మూడు వరసలు చుక్కలు పెట్టి, పిండి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చలికేమో అనుకున్నాం. తర్వాత పులుసులో రెండుసార్లు ఉప్పు, చెప్పిన మాటే చెప్పడం, లేసు దారం ఎవరికెంత ఇచ్చారో లెక్క తప్పడం. వయసు కదా అని ఊరుకున్నాం. ఊరుకోలేని రోజు నవంబరు 20న వచ్చింది, కార్తిక సోమవారం. ముందురోజు క్రికెట్ ఫైనల్ పోయిందని ఇంట్లో మగవాళ్లంతా మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే నేనూ ఆవిడా క్షీరారామానికి వెళ్లాం. జనం తోపులాటలో చెయ్యి వదిలింది. నాలుగు గంటలు వెతికాం. చివరికి ఆటో అబ్బాయి ఒకతను రైల్వే స్టేషన్లో బెంచీ మీద కూర్చునుంటే గుర్తుపట్టి తీసుకొచ్చాడు. ఎందుకెళ్లారు అత్తయ్యా అంటే "బండి రాలేదమ్మాయ్" అన్నారు.

ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి ఇంజక్షన్లు రాశాడు. డిసెంబరు 11న భీమవరం తీసుకెళ్లాం. ఫీజు 400, థైరాయిడ్, బి12, సోడియం, కిడ్నీ పరీక్షలకి 2,850. బి12 బాగా తక్కువుంది. దానివల్ల కూడా మతిమరుపు వస్తుందట, ముందు అది సరిచేసి చూద్దామన్నారు. నిజం చెప్పాలంటే ఆ రిపోర్టు చూసి సంబరపడ్డాను, ఇంజక్షన్లతో పోయే జబ్బేనని. ఆరు వారాలు వేయించాం. ఆవిడ బుగ్గలు కాస్త నిండాయి గానీ మతిమరుపు అలాగే ఉంది.

మధ్యలో ఎమ్మారై. 7,000. ఇక్కడో చిన్న సంగతి, ఎవరూ ముందు చెప్పరు: ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. అత్తయ్యగారి కుడిచేతి బంగారు గాజు ఇరవై ఏళ్లుగా తీయలేదు. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం, రాలేదు. ఆ రోజుకి తిరిగొచ్చేసి, గాజు కోయించి, మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. లోపల చప్పుడుకి లేచి వచ్చేస్తుంటే మత్తు ఇచ్చి తీశారు, దానికి ఇంకో 1,500. కోసిన గాజు కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాను. ఆ గాజు గుర్తుపెట్టుకోండి.

నరాల డాక్టరు అపాయింట్‌మెంటుకి మూడు వారాలు పట్టింది. 2024 జనవరి 23, మంగళవారం. పదింటికి వెళ్తే 31వ టోకెన్, మూడుంబావుకి పిలిచారు. డాక్టరు కంటే ముందు చిన్న గదిలో ఒక అమ్మాయి ప్రశ్నలడిగింది. కువైట్‌లో ఉన్న మా మరిది "అక్కడ ఏం జరిగిందీ మొత్తం నాకు తెలియాలి వదినా" అన్నాడని ఫోన్లో రికార్డింగు పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, మూడు మాటలు చెప్తాను గుర్తుంచుకోండి, గడియారం బొమ్మ వేయండి. గడియారంలో అంకెలన్నీ ఒక్క పక్కకే వేసేశారు. తర్వాత నూరులోంచి ఏడు తీసేయండి, వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు, అలా చెప్పుకుంటూ పోండి అంది. అత్తయ్యగారు ఫ్యాను వైపు చూసి కాసేపాగి "తిరానొబ్బోయ్" అన్నారు. ఇంకాసేపాగి "ఛియాశి". తర్వాత "ఊనాశి". అక్కడ ఆగిపోయారు.

"బామ్మగారూ, తెలుగులో చెప్పండి" అంది ఆ అమ్మాయి. ఆవిడ మళ్లీ "ఊనాశి" అన్నారు. నాకు సిగ్గేసింది. నవ్వు మొహం పెట్టి "ఏదో గొణుగుతున్నారులే అమ్మా" అన్నాను. ఆ మాట రికార్డింగులో ఉంది, నా గొంతుతోనే. లెక్కకి సున్నా వేసింది. మొత్తం 30కి 14.

డాక్టరు ఆరు నిమిషాలు చూశారు. అల్జీమర్స్, మధ్యస్థంగా ఉంది, తగ్గదు, మందుతో కొంత నెమ్మదిస్తుంది. డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు రాత్రిపూట. వారం తిరక్కుండా విరేచనాలు, అర్ధరాత్రి పీడకలలతో కేకలు. ఫోన్ చేస్తే పొద్దున టిఫినయ్యాక వేయమన్నారు, కలలు తగ్గాయి. ఇది మాత్రం మందు రాసిన రోజే అడిగి తెలుసుకోండి.

ఏప్రిల్ నుంచి సాయంత్రాలు మారిపోయాయి. పొద్దున బాగానే ఉండేవారు, తెలుగే, "కాఫీలో డికాక్షన్ లేదమ్మాయ్" అని తిట్టేవారు కూడా. దీపాలు పెట్టే వేళయ్యేసరికి వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, చీర కుచ్చెళ్లు పిడికిట్లో పట్టుకుని, "ఆమీ బాడీ జాబో, బాడీ జాబో" అని మొదలు. గంటసేపు, రెండు గంటలు. తలుపు గడియ లాగేవారు. మేం వినింది "బాడీ జబ్బో". ఆర్‌ఎంపీ కూడా విని "ఒళ్లంతా జబ్బుగా ఉందంటున్నారు కదండీ, నొప్పులుంటాయి" అని పారాసిటమాల్ ఇచ్చాడు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

మా వారికి అది బెంగాలీ అని తెలుసు. ఆ భాష ఆయనకి రాదు, అమ్మ ఎప్పుడూ నేర్పలేదు. "చిన్నప్పటివేవో బయటికొస్తున్నాయి, వదిలెయ్" అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. టీవీ ట్యూను కలవనప్పుడు వచ్చే గరగర లాంటిదనుకున్నాం, జబ్బు చేసే చప్పుడనుకున్నాం. అందులో అర్థం ఉంటుందని ఇంట్లో అయిదుగురిలో ఒక్కరికీ తోచలేదు. రాజమండ్రి నుంచి మా ఆడపడుచు వచ్చి ఒక సాయంత్రం చూసి హడలిపోయింది. సొంత కూతురే! "అమ్మకి గాలి సోకింది, ఆ గొంతు అమ్మది కాదు" అని తాయెత్తు తెచ్చి కట్టించింది, 1,500. వీధిలోవాళ్లు పిల్లల్ని మా అరుగు మీదకి పంపడం మానేశారు.

మేలో క్లినిక్‌కి ఫోన్ చేసి "అర్థంపర్థం లేకుండా మాట్లాడుతున్నారు, అరుస్తున్నారు" అని చెప్పాను. ఇంకో మాత్ర కలిపారు. వాళ్లననను, నేను చెప్పిన మాటని బట్టే కదా మందు రాసేది. ఆ మాత్రకి మధ్యాహ్నం పన్నెండు దాకా లేచేవారు కాదు, లేచినా నోట్లోంచి చొంగ. జూన్ 9న నూతి దగ్గర తూలి పడి పెదవి చిట్లింది, మూడు కుట్లు. డాక్టరుతో మాట్లాడి ఆ మాత్ర ఆపించాం.

జూలైలో జరిగింది రాయడం కష్టం.

వానలు విడవకుండా పడుతున్నాయి, పొలాల్లో నీళ్లు. 14వ తేదీ నుంచి అత్తయ్యగారు కొత్త మాట పట్టుకున్నారు. "జాలా కొర్ఛే, జాలా." పగలు కూడా. మేం "చాలా" అనుకున్నాం. "చాలా అంటే ఏం చాలా అత్తయ్యా, అన్నమా?" అని నేను, ఆవిడ నా చెయ్యి విదిలించి కొట్టి మళ్లీ "జాలా". చీర పైకి లాక్కునేవారు, నేను సిగ్గుతో కిందికి లాగేదాన్ని. నీళ్లిస్తే తాగేవారు కాదు. నాలుగు రోజులు ఇలాగే. 18న ఒళ్లు కాలిపోయి, కళ్లు తేలేసి, మా వారిని కూడా గుర్తుపట్టలేదు. భీమవరంలో చేర్పించాం. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలోకి పాకుతోంది. ఐదు రోజులు, 41,300. ట్యూబు పీకేస్తున్నారని రాత్రి డ్యూటీవాళ్లు రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టేశారు. నేను క్యాంటీనుకెళ్లి వచ్చేసరికి ఆ కట్లు. విప్పమని గొడవపడి, తెల్లార్లూ ఆ చేతులు నేను పట్టుకుని కూర్చున్నాను. మామూలుగా ఉన్నవాళ్లు ఇన్ఫెక్షన్ వస్తే మంట అని చెప్తారు, వీళ్లు చెప్పలేరు, అందుకే హఠాత్తుగా మనిషి మారిపోతే ముందు మూత్రం పరీక్ష చేయించండని డిశ్చార్జి రోజు డాక్టరు చెప్పారు. చెప్పలేరు అన్న మాటకి నేనూ తలూపాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు, ఆగస్టు 13న, ఆ గాజు అతికిద్దామని పాలకొల్లు బజారుకెళ్లాను. షాపువాళ్లు పై మేడకి పంపారు. అక్కడ ఇరుకు గదిలో ఆరుగురు కుర్రాళ్లు బాసింపట్టు వేసుకుని నగల పని చేస్తున్నారు, వాళ్లలో వాళ్లు ఏదో వాదించుకుంటున్నారు. అందులో ఒకడు లేస్తూ "ఆమీ జాబో నా" అన్నాడు. నా ఒళ్లు ఝల్లుమంది. రోజూ సాయంత్రం మా వసారాలో వినే మాట అది, అదే "ఆమీ", అదే "జాబో".

అతనికి ఇరవై రెండు, ఇరవై మూడుంటాయి. ఘటాల్ దగ్గర పల్లెటూరట, ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాయే. ఇక్కడికొచ్చి నాలుగేళ్లు, తెలుగు బేరాలకి సరిపడా వచ్చు. మరిదికి పంపడానికి తీసిన వీడియోలు ఫోన్లో ఉన్నాయి కదా, ఒకటి పెట్టి వినిపించాను.

"బాడీ అంటే ఇల్లు ఆంటీ. ఇంటికి వెళ్తా, ఇంటికి వెళ్తా అంటోంది ఠాకుమా."

ఇంకోటి పెట్టాను, జూలై 16ది. అతను విని తల దించుకున్నాడు. పక్కవాడు ఏదో అన్నాడు. "జాలా అంటే... నిప్పు తగిలితే వస్తుంది కదా, అది. మంట" అన్నాడు. ఎక్కడ అని నేనడగలేదు, అతను చెప్పలేదు. ఆ వీడియోలోనే చివర్న "భొయ్ కొర్ఛే" అని కూడా ఉంది. భయం వేస్తోంది అని. జ్వాలని జాలా అంటున్నారు, భయాన్ని భొయ్ అంటున్నారు. వ్యథ అయితే బేథా. మన మాటలే, కాస్త నోరు గుండ్రంగా తిప్పితే చాలు. నాలుగు రోజులు ఆవిడ నా మొహంలో మొహం పెట్టి మంట, మంట అని చెప్పారు. చీర పైకెత్తి చూపించారు కూడా.

ఆ గదిలో స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎవరో నీళ్లిచ్చారు. ఇక ఆపేద్దామనుకుంటూనే జనవరి రికార్డింగు కూడా పెట్టాను, ఎందుకు పెట్టానో తెలియదు. అతను రెండుసార్లు విని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. నూట్లోంచి ఏడేసి తీస్తోంది కదా? కరెక్టే ఆంటీ. తప్పేముంది?"

గాజు అతకడానికి 600 అన్నారు. ఇచ్చేసి ఆటో ఎక్కాను. ఇంటికొచ్చేదాకా ఒకటే లెక్క నా బుర్రలో, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది.

ఆ రోజు సాయంత్రం ఆరున్నరకి అత్తయ్యగారు "బాడీ జాబో" మొదలెట్టగానే నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. మేడ మీద కుర్రాడు చెప్పిన వాక్యం అరచేతి మీద రాసుకున్నాను. "భాత్ ఖేయే జాబో" అన్నాను. అన్నం తిని వెళ్దాం అని. ఆవిడ నడక ఆపి నా వైపు తిరిగారు. నా నోటి వెంట ఆ భాష విని నవ్వారు, నా యాసకి అనుకుంటాను. ఏడాదిలో ఆ నవ్వు చూడలేదు. వచ్చి పీట మీద కూర్చున్నారు. తినేసరికి ఇంటికెళ్లే సంగతి మర్చిపోయారు.

రోజూ ఇంత బాగా జరగదు. "కాల్ జాబో", అంటే రేపు వెళ్దాం అన్న రోజున ఏడుపు అందుకున్నారు, రేపు అన్న మాట పనికిరాదు. ఇదే నీ ఇల్లు కదా అని ఏ భాషలో చెప్పినా కోపమే. కుర్రాడి దగ్గర మాటలు రాయించుకుని తెలుగు అక్షరాల్లో వంటగది క్యాలెండరు వెనక అంటించాను, ముప్పై నాలుగు. ఎక్కువగా పనికొచ్చేవి: జొల్ అంటే నీళ్లు, ఖిదే అంటే ఆకలి, శీత్ అంటే చలి, మాథా అంటే తల, బేథా అంటే నొప్పి. "హిశి" అన్న మాట చెప్పడానికి ఆ అబ్బాయి చెవులు ఎర్రబడిపోయాయి, అది ఒంటికి వెళ్లాలి అనడం. ఆ ఒక్క మాటతో డైపర్ల ఖర్చు సగానికి సగం తగ్గింది. ఫోన్లో అనువాదం యాప్ కూడా పెట్టి చూశాం, పళ్లు లేని నోటి మాట దానికి అందలేదు. వసారాలో నడుస్తూ ఒక్కోసారి రైలు ఇంకా రాలేదని అంటారు, అప్పుడు ఆవిడకి మా వసారాయే ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం. ఎంత పొడుగు ప్లాట్‌ఫారమో తెలుసా అని ఒకప్పుడు ఊరందరికీ గొప్పలు చెప్పేవారు. ఇప్పుడు నడిచి చూపిస్తున్నారు.

ఒక పొరపాటు నేనూ చేశాను. మాటలు దొరికిన ఉత్సాహంలో పొద్దున కూడా బెంగాలీ మొదలెట్టాను. "ఏం భాషమ్మాయ్ అది, సరిగ్గా మాట్లాడు" అని విసుక్కున్నారు. పొద్దున తెలుగు మనిషి, పొద్దువాలాక బెంగాలీ మనిషి, టీవీలో హిందీ వస్తే దానితో హిందీ. ఎవరితో ఏ భాష మాట్లాడాలో తెలియదు ఆవిడకి ఇప్పుడు. పాలబ్బాయితో బెంగాలీ, ఊరి నుంచి ఎవరో వస్తే హిందీ. ఆవిడ ఏ భాషలో ఉంటే మనం అందులోకి వెళ్లాలి, లాగకూడదు.

మనిషిని పెట్టుకునే విషయం కూడా చెప్పాలి. మార్చిలో ఏజెన్సీ ద్వారా ఒకామె వచ్చింది, నెలకి 15,000, అడ్వాన్సు వేరే. పంతొమ్మిది రోజులకి "నన్ను ఏవో భాషలో తిడుతున్నారండి" అని వెళ్లిపోయింది. అడ్వాన్సు రాలేదు. సెప్టెంబరులో మా ఊరి చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే ఒరిస్సా కుటుంబంలో ఇంటావిడని అడిగాం. ఆమెకి ఒడియా వచ్చు, తెలుగు కొంచెం. ఒడియాకీ బెంగాలీకీ దగ్గర చుట్టరికం కదా, ఒకరి మాట ఒకరికి చాలావరకు అందుతుంది. పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా, 9,000. చదువు లేదు, ట్రైనింగు లేదు, అత్తయ్యగారి తల దువ్వుతూ గంట కూర్చుంటుంది. నాకు స్నానం తీరిగ్గా చేసే భాగ్యం మళ్లీ వచ్చింది.

ఖరగ్‌పూర్‌లో ఉన్న మేనల్లుడితో 2011 నుంచి రాకపోకలు లేవు, ఆవిడ తమ్ముడు పోయాక అలా తెగిపోయింది. ఆగస్టు చివర్న మావారు పాత ట్రంకుపెట్టెలో ఉత్తరాలు వెతికి, వీళ్లనీ వాళ్లనీ అడిగి నంబరు పట్టారు. వీడియో కాల్‌లో ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలియని సంగతి: అత్తయ్యగారికి నాలుగేళ్లప్పుడే వాళ్లమ్మ పోయారట. పెంచింది పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ ఆవిడ. మాశీమా అని పిలిచేవారట. అన్నం పెట్టింది, జడ వేసింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది ఆ భాషలోనే. మామయ్యగారికి తెలిసే ఉంటుంది, పిల్లలకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మావారికి యాభై ఐదేళ్లు. ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయారు, చాలాసేపు రాలేదు.

సాయంత్రాలు ఇప్పుడు అత్తయ్యగారు నన్ను మాశీమా అంటున్నారు. మొదట్లో కాస్త మనసు చివుక్కుమంది, ఇరవై తొమ్మిదేళ్లు నేను వండిపెడితే ఆవిడకి గుర్తున్నది ఎవరో అని. ఇప్పుడు పలుకుతున్నాను.

సెప్టెంబరు 24న మళ్లీ నరాల డాక్టరు. ఈసారి అంకెలు బెంగాలీలో ఎలా అంటారో కాగితం మీద రాయించుకుని పట్టుకెళ్లాను, నూరు నుంచి అరవై ఐదు దాకా, ఏడేసి తగ్గిస్తూ. జనవరి రికార్డింగు డాక్టరుగారికి వినిపించాను. టోకెన్లు బయట అరుస్తున్నా ఆయన చివరిదాకా విన్నారు. పాత కాగితం తీసి 14 కొట్టేసి 17 రాశారు, పక్కన సంతకం. తర్వాత ఆయనే స్వయంగా పరీక్ష పెట్టారు, ఆవిడ అనే అంకెలు ఏవో కాగితం చూసి నన్ను చెప్పమని. అత్తయ్యగారు "తిరానొబ్బోయ్" అన్నారు. తర్వాత "ఛి... ఛి..." అని నా వంక చూశారు. అంతే. జనవరిలో వచ్చిన లెక్క సెప్టెంబరులో రాలేదు. మొత్తం 13. ఆ చూపు నాకింకా గుర్తొస్తూనే ఉంది.

మందు మారదు, ఆ మూడు మార్కులతో జబ్బు దశ మారిపోదు అన్నారు డాక్టరు. కానీ నొప్పీ మంటా ఏ భాషలో చెప్తారో తెలియడం మందుకేమీ తీసిపోదన్నారు. ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో "తెలుగు, బెంగాలీ" అని రాశారు. మీరు కూడా రాయించండి, ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే రాత్రి డ్యూటీవాళ్లు చూసేది ఆ పేజీయే. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఉన్న 648 మందిని చూసి చేసిన పరిశోధన సంగతి కూడా చెప్పారు, రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట. మావారు తిరిగొచ్చేటప్పుడు కారులో ఆ నాలుగున్నరేళ్లు ఏవై ఉంటాయా అని వెనక్కి లెక్కేశారు. మా అబ్బాయి పెళ్లి అందులో పడింది. పెళ్లిలో మూడొందలమందికి పేరుపేరునా బట్టలు పెట్టింది ఆవిడే.

పింఛను గొడవ ఒకటి మిగిలింది. జూలై ఒకటిన బకాయితో కలిపి 7,000 ఇవ్వడానికి సచివాలయం అబ్బాయి ఇంటికొస్తే అత్తయ్యగారు పిడికిలి బిగించి వేలు ఇవ్వలేదు. యాభై ఏళ్లు దారం లాగిన వేళ్లు కదా, ఇచ్చినా మిషను పట్టదు, అది వేరే కథ. మూడుసార్లు తిరిగి చివరికి కంటి పాపతో తీసుకున్నాడు. ఇప్పుడు వస్తూనే గుమ్మంలోంచి "హాత్ దావ్ మామ్మగారూ" అంటాడు, చెయ్యి ఇవ్వమని. ఇచ్చేస్తారు. వాడికి నేర్పడానికి నాకు రెండు కాఫీలు ఖర్చయ్యాయి.

ఇప్పటిదాకా మొత్తం ఖర్చు లక్షన్నర దాకా వచ్చింది, జీతాలతో కలిపి. నెలకి మందులు, డైపర్లు, మనిషి అన్నీ కలిపి పన్నెండు వేలు అవుతున్నాయి.

నగల కుర్రాడు దుర్గాపూజకి ఊరెళ్లి, దీపావళి కూడా చూసుకుని, నవంబరు 10న తిరిగొచ్చాడు. ఆదివారం కదా, సాయంత్రం స్టీలు డబ్బా పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. వాళ్లమ్మ చేసి పంపిన కొబ్బరి ఉండలు, నాడు అంటారట. కొబ్బరి తోటల మధ్య ఉన్న మాకు ఎక్కణ్ణుంచో కొబ్బరి మోసుకొచ్చాడు వెర్రి నాయన. అత్తయ్యగారి ముందు గొంతుక్కూర్చుని బెంగాలీలో ఏదేదో చెప్తున్నాడు, మా అమ్మ చేసింది తిను అని కాబోలు. ఆవిడ ఒకటి తీసుకుని కొరికారు. మెల్లగా నమిలారు. మేమందరం ఆవిడ నోటివంకే చూస్తున్నాం, ఇప్పుడేం మాట వస్తుందా అని.

"లౌజు పాకం ముదిరిపోయిందిరా అబ్బాయ్, ఆయ్" అన్నారు.

కుర్రాడు నా వైపు చూశాడు. లౌజు తెలియదు, పాకం తెలియదు, ముదరడం అసలే తెలియదు. నేను చెప్పడం మొదలెట్టేలోపే ఆవిడ ఇంకోటి తీసుకున్నారు.